పిట్ట గొంతుకు కోసిన పైపులు

పేరు పెట్టుకోకముందే ఆ బ్యాండుకు వాద్యం తయారైంది. కొన్న వాద్యం కాదు. ప్లంబరుగారి దుకాణం వెనక రేకుల షెడ్డులో మూలపడి ఉన్న ప్లాస్టిక్ పైపు ముక్కలను ఆయన కూతురు రకరకాల పొడవుల్లో కోసి, చెక్క చట్రంలో వరసగా బిగించింది. పైపు మూతిమీద పాత రబ్బరు చెప్పుతో చరిస్తే లోపలి గాలి కదిలి "బుంగ్" అని మోగుతుంది. పొడుగు పైపు బొంగురుగా, పొట్టి పైపు సన్నగా. ఇందులో మాయ ఏమీ లేదనీ, గొట్టంలో గాలి ఎంత పొడవుంటే అది అంత నెమ్మదిగా ఊగుతుందనీ ఆ పిల్ల అడిగినవాళ్ళకూ చెప్పేది, అడగనివాళ్ళకూ చెప్పేది.

ఆమె జేబులో ఎప్పుడూ కొలత టేపు ఉండేది. బళ్ళో అందరూ ఆమెను కొలబద్ద అనేవారు. మొదట్లో అది వెక్కిరింత, పోనుపోను పేరైపోయింది. ఆ పేరంటే ఆమెకు కోపం లేదు సరికదా, లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది. నలుగురూ నాలుగు మాటలంటున్నచోట టేపు తీసి, కొలిచి, ఇదిగో ఇంత అని చూపించడంలో ఒక సుఖం ఉంది. ఆ సుఖం రుచి మరిగినవాళ్ళకు, కొలవకుండా మాట్లాడేవాళ్ళంటే కొంచెం చులకన కూడా ఏర్పడుతుంది.

డబ్బాలు వాయించేవాడు గుండు. ఖాళీ పెయింటు డబ్బాలు బోర్లించుకుని వాటి మధ్య జమీందారులా కూర్చునేవాడు. చేతులు ఊరుకున్నా నోరు ఊరుకునేది కాదు.

"లోకంలో చెప్పుదెబ్బలు తిని ఏడ్చేవాళ్ళున్నారు, పారిపోయేవాళ్ళున్నారు. చెప్పుదెబ్బలకి చప్పట్లు కొట్టించుకునేది మనమేనర్రా!"

"నువ్వు ముందు తాళం తప్పకుండా కొట్టు. లేకపోతే ఈ చెప్పు పైపు మీద కాదు, ఇంకోచోట పడుద్ది," అనేది కొలబద్ద.

పాడేవాడు పిట్ట. మనిషి సన్నం, గొంతు అంతకన్నా సన్నం. అతను పాడుతుంటే పెద్దవాళ్ళు దైవదత్తమనీ పూర్వజన్మ సుకృతమనీ ఏవేవో అనేవారు. నిజానికి అంతదూరం పోనక్కరలేదు. మాట్లాడినంత తేలికగా పాడేవాడు. పాడుతున్నప్పుడు తనను ఎవరు చూస్తున్నారన్న ధ్యాస ఉండేది కాదు. ఆ రెండూ ఒకే మనిషిలో కలిసి ఉండటం అరుదు, అంతే. కొలబద్ద కొలవకుండా నమ్మిన విషయం ఏదైనా ఉంటే అదొక్కటే: పిట్ట పాడితే బాగుంటుంది.

పైపులు కోసే ముందు ఆమె అతన్ని షెడ్డులో స్టూలు మీద కూర్చోబెట్టి, కుళాయిల అట్టపెట్టె చేతికిచ్చి, దానిమీద అచ్చయిన అక్షరాలన్నీ పైకి చదివించింది.

"ఎందుకే ఇది? నేనేమన్నా కుళాయిలు కొనుక్కోడానికొచ్చానా?"

"నువ్వు కష్టపడకుండా మాట్లాడేటప్పుడు నీ గొంతు ఎక్కడ నిలబడుతుందో పట్టుకోవాలి. అదే మన శ్రుతి. పైపులన్నీ దానికే కోస్తాను."

గుండుకు అది నచ్చలేదు. "బళ్ళో కీబోర్డుంది కదా, దాని శ్రుతికి కొయ్యవే. రేపు ఇంకెవరన్నా వచ్చి కలవాలంటే కుదరాలి కదా."

"ఎక్కడో ఫ్యాక్టరీలో పెట్టిన శ్రుతికి మన మనిషి గొంతు సాగదీసుకోవాలా? మనిషిని వాద్యానికి సరిపెట్టడం ఏం న్యాయంరా? వాద్యాన్నే మనిషికి సరిపెడదాం."

ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అంది. ఆ తరవాత జరిగినదాన్ని బట్టి అది బడాయి అనుకోకూడదు. పొరపాటల్లా వేరేచోట ఉంది. ఎదుగుతున్న కుర్రవాడి ఎత్తు గోడమీద గీసి, ఆ గీతకు సరిగ్గా గుమ్మం కట్టించినట్టు, ఆమె అతని గొంతును ఎప్పటికీ మారని కొలతగా తీసుకుంది. అంత తెలివైన పిల్లకు ఆ సంగతి ఎందుకు తట్టలేదంటే, ఆ గొంతు మారాలని ఆమెకు లేదు. మనకు ఇష్టంలేని వాటిని మనం కొలవడం మరిచిపోతాం.

బడి సభలో వాళ్ళు వాయించినరోజు అతిథుల వరసలో ఒక దర్శకురాలు కూర్చుంది. పిల్లలు కలిసి బ్యాండు కట్టుకునే కథతో సినిమా తీయబోతోందట. పట్నంలో నేర్పించి తెచ్చిన పిల్లలు చేతులు ఒకలా ఆడిస్తారు, పాట ఇంకోలా వినిపిస్తుంది. తనకు అలాంటి వేషాలు వద్దు, నిజంగా వాయించేవాళ్ళు కావాలి అంది. చట్రం చుట్టూ తిరిగి, వంగి పైపుల్లోకి తొంగిచూసింది.

"ఇవి ఎవరు చేశారు?"

"నేనే మేడం," అంది కొలబద్ద.

"ఎంత ముచ్చటగా ఉన్నాయమ్మా! దగ్గరనుంచి ఒక్కొక్కటీ చూపిస్తాను. పరీక్షలయ్యాక వస్తాం. అప్పటిదాకా వీటిని ముట్టుకోకండి, ఇలాగే ఉంచండి."

చివరి మాట ఆవిడ మర్యాదకే అని ఉంటుంది. కొలబద్ద చెవిలో మాత్రం అది ఆజ్ఞలా నిలిచిపోయింది. ఆ రోజునుంచి చట్రం మీద పాత దుప్పటి కప్పడం మొదలుపెట్టింది. పైపుల అంచులను గరుకు కాగితంతో మళ్ళీ సానబట్టింది. వాళ్ళ నాన్న ఏదో పనిముట్టుకోసం షెడ్డులోకి వచ్చి, దుప్పటి పక్కకు జరపబోతే "నాన్నా, చేతులు!" అని అరిచింది. ఆయన తన నూనె చేతులు చూసుకుని, "సరేనమ్మా తల్లీ, నా దుకాణంలో నేనే పరాయివాణ్ణి," అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

పరీక్షలు దగ్గరపడే రోజుల్లో పిట్ట గొంతు విరగడం మొదలైంది. మొదటిసారి పాట మధ్యలో, పైకి లేచే చోట, తలుపు కీలు కిర్రుమన్నట్టు వినిపించింది. గుండు డబ్బాల మీద పడి నవ్వాడు.

"ఒరేయ్, ఎవరన్నా నూనె తెండ్రా! పిట్టకి తుప్పు పట్టింది!"

పిట్ట కూడా నవ్వాడు. మర్నాడు మళ్ళీ అలాగే అయింది. ఆ వారమంతా అలాగే అయింది. ఆ తరవాత ఎవరూ నవ్వలేదు.

ఇంట్లో వాళ్ళ అమ్మమ్మ ఎవరి కళ్ళు పడ్డాయో అంది. అమ్మ వేడినీళ్ళూ తేనే ఇచ్చింది. పక్కింటాయన నెలరోజులు మౌనంగా ఉండమన్నాడు. ఆయన చెప్పే వైద్యం ఎప్పుడూ అవతలివాళ్ళు మాట్లాడకుండా ఉండటమే. ఇవేవీ పనిచేయవని కొలబద్దకు తెలుసు. జీవశాస్త్రం పుస్తకం తెచ్చి, బొమ్మ చూపించి అతనికి నిదానంగా చెప్పింది.

"ఇది జబ్బు కాదురా. గొంతులో తంత్రులు పొడుగెదుగుతున్నాయి. పొడుగు పైపు బొంగురుగా మోగినట్టే ఇదీను. అందరు మగపిల్లలకీ అవుతుంది."

"మళ్ళీ పొట్టివవుతాయా?"

"అవవు."

ఆ జవాబు నిజమే. చెప్పిన తీరులోనూ తప్పులేదు. పిట్ట పుస్తకంలో బొమ్మకేసి చాలాసేపు చూసి, పుస్తకం మూసి తిరిగి ఇచ్చేశాడు.

సెలవులిచ్చారు. సినిమావాళ్ళు వచ్చే తేదీ తెలిసింది. పిట్ట గొంతు అప్పటికి ఎటూకాని చోట ఇరుక్కుంది. పాత ఎత్తు అందదు. కిందికి పూర్తిగా దిగనూ లేదు. మధ్యలో కొన్ని స్వరాలు మాత్రం, కొత్త చెప్పుల్లా కరుస్తూనే, అతని మాట వింటున్నాయి. ఒక సాయంత్రం గుండు వెళ్ళిపోయాక అతను షెడ్డులో ఆగాడు.

"ఒకటడగనా?"

"అడుగు."

"ఈ పైపుల్ని నా గొంతుకు తగ్గట్టు కొంచెం దించలేవా? మధ్యలో అయిదారు స్వరాలు బాగానే పలుకుతున్నాయే. పాటని వాటిల్లోనే ఇముడ్చుకుంటాను. పైకి పోను. ఒట్టు, పైకి పోనే పోను."

కొలబద్ద చట్రంకేసి చూసింది. తెల్లగా, నున్నగా, మెట్లలా దిగుతున్న వరస. ఆ వరసలో ఆమెకు కళ్ళల్లో గుచ్చుకునేది ఒకటే ఉంది. అన్నిటికన్నా పొడుగు పైపుకు ముక్క చాలక, మధ్యలో పైపుల్ని కలిపే సాకెట్టు తొడిగి, అంటించే సొల్యూషను పూసి, ఇంకో ముక్క అతికించింది. అది తక్కినవాటంత గుండ్రంగా మోగదని ఆమె బాధ. ఆ తేడా మరెవరి చెవికీ ఆనేది కాదు. పిట్ట అడిగినదానికి దారి అదే. ప్రతి పైపుకూ ఒక సాకెట్టు, ఒక ముక్క. రెండూ దుకాణం ముందు గదిలో అరలనిండా ఉన్నాయి. సెలవులన్నీ ఆ పనికే పోతాయి. వరసంతా అతుకులబొంత అవుతుంది. ఆవిడ కెమెరా పట్టుకుని ఒక్కొక్క పైపుమీదుగా వచ్చేటప్పుడు కనిపించేవి ఆ అతుకులే.

"అవదురా," అంది. "పైపుని కోసి పొట్టి చెయ్యగలం. పొడుగు చెయ్యలేం. ఫిజిక్సు ఒప్పుకోదు."

భౌతికశాస్త్రం అలాంటి మాట ఏనాడూ అనలేదు. పొడుగు చేసిన పైపు ఆమె మోచేతి పక్కనే నిలబడి ఉంది. కానీ శాస్త్రానికి నోరు లేదు. తన పేరుమీద ఎవరేం చెప్పినా లేచి కాదనదు. అందుకే దాని తరఫున మాట్లాడేవాళ్ళు రెండింతలు ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. ఆ సాయంత్రం ఆమె పెట్టుకోలేదు.

పిట్ట తలూపాడు. కాసేపు బోర్లించిన డబ్బామీద వేళ్ళతో తడుతూ కూర్చున్నాడు.

"మా చెల్లి పాడుతుంది, తెలుసా? దాని గొంతు అచ్చం నా పాత గొంతే. దీనికి సరిపోతుందేమో చూడు," అన్నాడు.

అప్పుడు ఆమెకు కలిగింది ఊరట. బాధ కాదు, జాలి కాదు. కడిగేసిన పలక చేతికి వచ్చినట్టు ఊరట. ఆ ఊరట తలుచుకుంటే ఒళ్ళు ముడుచుకుపోవడం చాలా తరవాత మొదలైంది.

చెల్లెలు ఇంకా చిన్న తరగతి పిల్ల. ముందు పళ్ళ మధ్య సందు. పైపుల పక్కన నిలబెడితే చట్రం ఎత్తే ఉంది. పాడించి చూస్తే, కొలబద్ద కొలిచి కోసినట్టే, శ్రుతిలో నిలబడింది. మిగతాదంతా పిట్టే నేర్పాడు. ఎక్కడ ఊపిరి పీల్చాలో, ఏ మాట దగ్గర తేలిపోవాలో తన విరిగిన గొంతుతోనే చెప్పేవాడు. చెప్పలేనిచోట చెయ్యి గాలిలో పైకి లేపి చూపించేవాడు.

"అన్నయ్యా, నువ్వే పాడొచ్చుగా? నాకు కాళ్ళు వణుకుతున్నాయి."

"నేను పాడితే ఆ కెమెరా పగులుద్దే. నీకైతే కాళ్ళే వణుకుతున్నాయి, నయం."

గుండు మాత్రం ఒకసారి కొలబద్దను పక్కకు పిలిచాడు. "ఏమే, నిజంగానే కుదరదా? ఏదో ఒకటి చెయ్యలేమా?"

"కుదిరితే చెయ్యనా?" అంది. ప్రశ్నకు ప్రశ్న వేసి తప్పుకోవడం ఆమెకు అలవాటులేని పని. గుండుకు అది తెలుసు. జోకు వేయకుండా వెళ్ళిపోయాడు.

షూటింగు రోజున షెడ్డులోకి దీపాలు, వైర్లు, మనుషులు వచ్చి పడ్డారు. దర్శకురాలికి చెల్లెలు తెగ నచ్చింది. పిట్టను చూసి గుర్తుపట్టి, "నువ్వు పాడేవాడివి కదూ? అయ్యో, గొంతు మారిందా బాబూ?" అని నొచ్చుకుంది. ఊరికే పంపడం ఇష్టంలేక అతనికీ ఒక వేషం ఇచ్చింది. కథ మొదట్లో బ్యాండును చూసి కిటికీలోంచి గేలిచేసే కుర్రాడి వేషం.

"పగలబడి నవ్వాలి. వీళ్ళ మొహాలకి ఇదొకటా అన్నట్టు. చెయ్యగలవా?"

"ఓ, చేస్తా మేడం."

బాగా చేశాడు. మొదటిసారికే చాలన్నారు. కిటికీ ఊచలు పట్టుకుని, మెడ వెనక్కి విరిచి, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. పైపుల వెనక చెప్పు పట్టుకుని నిలబడ్డ కొలబద్ద అతనికేసి చిన్నబోయినట్టు చూడాలి. కథలో అలా రాసి ఉంది. ఆమెకూ నటించాల్సిన అవసరం రాలేదు.

సినిమా విడుదలయ్యేసరికి ఏడాది దాటింది. అందరూ కలిసి హాలుకు వెళ్ళారు. తెరమీద పైపులు మిలమిలా మెరిశాయి. కెమెరా వాటిమీదుగా మెల్లగా, నిజంగానే ఒక్కొక్కటిగా నడిచింది. అతుకున్న పొడుగు పైపు దగ్గరికి వచ్చేముందే దృశ్యం మారిపోయింది. చెల్లెలు పాడుతుంటే హాలంతా నిశ్శబ్దమైంది. పిట్ట నవ్విన చోట అందరూ నవ్వారు. సినిమాలో ఆ గేలిచేసిన కుర్రాడు చివరికి మనసు మార్చుకుని జనంలో నిలబడి చప్పట్లు కొడతాడు. కథలవాళ్ళకు చప్పట్లతో తీరని చిక్కు ఉండదు.

బయట చెల్లెలి చుట్టూ తోటి పిల్లలు మూగారు. గుండు తనను ఎవరన్నా గుర్తుపడతారేమోనని టికెట్ల కిటికీ దగ్గర అటూఇటూ తిరుగుతున్నాడు. గోడవారగా పిట్ట, కొలబద్ద నిలబడ్డారు. ఈ మధ్య అతను షెడ్డుకు వచ్చింది లేదు. భుజాలు వెడల్పయ్యాయి; పిట్ట అనే పేరు కాస్త వదులైంది. మెకానిక్కు దగ్గర సాయంత్రాలు పని నేర్చుకుంటున్నాడు.

"నీకొకటి చెప్పాలిరా," అంది కొలబద్ద. ఈ మాటకోసం ఆమె చాలారోజులు సాధన చేసింది. "ఆ రోజు నేను పైపులు పొడుగు చెయ్యలేమన్నాను కదా..."

"చెయ్యొచ్చుగా."

ఆమె తలెత్తి అతనికేసి చూసింది.

"ఆ పెద్ద పైపు అతికించినప్పుడు సొల్యూషను ఆరేదాకా పట్టుకుని కూచుంది ఎవరే? నేనేగా. చేతులకంటుకుంటే మా అమ్మ కిరసనాయిలు పోసి రుద్దింది. మరిచిపోయావా?"

మరిచిపోయింది. పైపు పొడవు, సాకెట్టు వ్యాసం, ఆరడానికి పట్టిన సేపు అన్నీ గుర్తున్నాయి. పట్టుకున్న చేతులు గుర్తులేవు.

"మరి అప్పుడే ఎందుకనలేదు?"

"ఏమనను? నీకిష్టం లేదని అర్థమైంది. ఇష్టం లేదురా, పాడైపోతాయిరా అన్నావనుకో, పోట్లాడేవాణ్ణి. కాసేపు తిట్టుకుని, అలిగి, ఏదో ఒకటి చేసుకునేవాళ్ళం. నువ్వు ఫిజిక్సు ఒప్పుకోదన్నావ్. ఫిజిక్సుతో ఎవడు పోట్లాడతాడే?"

అతని గొంతులో కోపం లేదు. అదే ఆమెకు కష్టంగా ఉంది. ఆ మాటలు వింటూనే, తనకు తెలియకుండానే, ఆమె చెవి ఇంకో పని చేస్తోంది. ఆ గొంతు ఇప్పుడు కుదురుకుంది. ఎగుడుదిగుళ్ళు లేవు. పాత చోటుకు సరిగ్గా ఒక స్థాయి కింద, అదే స్వరం మీద నిలబడి ఉంది. అంటే ఆ పైపులకు, ఒక్కటి కూడా మార్చకుండా, అతను పాడవచ్చు. కొన్ని నెలలు అతుకులతో నెట్టుకొస్తే చాలు, తక్కిన పని వయసే చేసిపెట్టేది.

"నీ గొంతు ఆ శ్రుతిలోనే ఉందిరా ఇప్పుడు," అంది గబగబా. "ఒక స్థాయి కింద. నిజం. మీ చెల్లీ నువ్వూ కలిసి పాడొచ్చు, ఇద్దరికీ అవే పైపులు సరిపోతాయి. కావాలంటే రేపు వచ్చి చూడు."

పిట్ట ఆలోచించాడు. కాదనడానికి కాదు, నిజంగానే ఆలోచించాడు.

"నువ్వు చెప్పేది నిజమే అయ్యుంటుందే. కానీ ఇదివరకు నువ్వు కొలిచాక నేను మళ్ళీ కొలిచేవాణ్ణి కాదు. ఇప్పుడు కొలుచుకోవాలి. పాడాలంటే ముందు అదంతా చెయ్యాలంటే... ఓపిక లేదే."

అనడానికి ఆమె దగ్గరున్నవన్నీ రుజువులే. ఒక్కటీ పనికొచ్చేలా లేదు.

చెల్లెలు గుంపులోంచి విడిపించుకుని పరిగెత్తుకొచ్చింది. జడ ఊడింది, ముఖం వెలిగిపోతోంది.

"అక్కా, రేపు ప్రాక్టీసుందా?"

"ఉంది."

"అన్నయ్యని కూడా రమ్మననా?"

పిట్ట వంగి చెల్లెలి జడ బిగించి కట్టాడు.

"నాకు పనుంది, నువ్వెళ్ళు," అన్నాడు.

ఆ మాట ఎంత నిండుగా, ఎంత శ్రుతిలో పలికిందో ఆ వీధిలో కొలబద్దకు తప్ప ఎవరికీ తెలియలేదు.